మందు వేసుకుంటే కాఫీ తాగకూడదు

గుడివాడలో హోమియో వైద్యం నేర్చుకోవడానికి ఎవరూ పనిగట్టుకుని కష్టపడక్కర్లేదు. గాలికే వచ్చేస్తుంది. డాక్టర్ గురురాజు గారి పేరున్న హోమియో కాలేజీ 1945లో మొదలైంది. అప్పట్నించీ వీధికో అసలు డాక్టరు, ఆయన దగ్గర నాలుగు రోజులు కూర్చుని లేచిన అర డాక్టరు, ఆ అర డాక్టరు దగ్గర పుస్తకం అరువు తెచ్చుకున్న నాలాంటివాడు ఒకడు ఈ ఊళ్ళో తయారవుతూనే ఉన్నారు. పగలు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు మాస్టారిని, సాయంత్రం మా అరుగు మీద ధర్మవైద్యుణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మొదలుపెట్టి, రిటైరయ్యాక కూడా చాలాకాలం మందులిచ్చాను. ఎవరి దగ్గరా ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఆ మాట చెప్పుకోవడానికే ఇదంతా చేశానేమోనని ఈ మధ్య అనుమానం వస్తోంది.

మా ఇంటికి రెండు వైపుల నుంచీ రాకపోకలుండేవి. వీధివైపు అరుగు నాది. అక్కడో టేకు పెట్టె, లోపల గళ్ళు, గడికో డ్రాము సీసా, దాని మూత మీద నా చేతిరాతతో మందు పేరు, పక్కన 30 అనో 200 అనో అంకె. అట్టలూడిపోతే దారంతో కుట్టించిన పుస్తకాలు రెండు: లక్షణాన్ని బట్టి మందు వెతుక్కునే కెంట్ రెపర్టరీ, బోరిక్ మెటీరియా మెడికా. పెట్టె తెరవగానే గుప్పుమని స్పిరిట్ వాసన. ఆ వాసన తగలగానే నా గొంతు మారిపోయేదని మా అమ్మాయి ఇప్పటికీ అనుకరించి చూపిస్తుంది. పెరటివైపు మా ఆవిడది. ఇంటి పక్క సందులోంచి వెళితే బావి, బావి దాటితే వంటగది గుమ్మం. ఆ గుమ్మం సంగతి తర్వాత చెబుతాను. నాకూ చాలా ఆలస్యంగానే తెలిసింది.

పొట్లం చేతిలో పెట్టేటప్పుడు అందరికీ ఒకటే పాఠం వల్లించేవాణ్ణి. గుళికలు చేత్తో ముట్టుకోకూడదు. వేసుకునే ముందు అరగంట, వేసుకున్నాక అరగంట నోట్లో ఏమీ పడకూడదు. పచ్చి ఉల్లిపాయ, ఇంగువ, కర్పూరం దగ్గరికి రానివ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కాఫీ తాగకూడదు. తాగితే మందు విరిగిపోతుంది. ఈ ఆఖరి మాట దగ్గర చూపుడువేలు లేపేవాణ్ణట. ఇది నా సొంత పైత్యం కాదు. హోమియోపతి కనిపెట్టిన హానిమన్ గారికి కాఫీ అంటే పడేది కాదు, 1803లో దాని మీద పనిగట్టుకుని ఒక వ్యాసమే రాశాడు. ఆయన జర్మనీలో కూర్చుని రాసేశాడు. కృష్ణా జిల్లాలో పొద్దున్నే గ్లాసుడు కాఫీ పడందే కాళ్ళూ చేతులూ ఆడని జనానికి ఆ సంగతి చెప్పాల్సిన గతి నాకు పట్టింది.

కేసు రాయడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు. వచ్చినవాళ్ళకి నొప్పి ఎక్కడో ఒక్క మాటలో తేలిపోయినా వదిలేవాణ్ణి కాదు. కుడివైపు పడుకుంటారా, ఎడమవైపా? దాహం ఎక్కువా? గుక్కగుక్కగా తాగుతారా, చెంబు ఎత్తేస్తారా? చెమట ఎక్కడ పడుతుంది? ఉరుములంటే భయమా? కలలో పాములొస్తాయా? ఎవరైనా ఓదారిస్తే దుఃఖం తగ్గుతుందా, పెరుగుతుందా? నందివాడ నుంచో ముదినేపల్లి నుంచో బస్సెక్కి వచ్చిన ఆడవాళ్ళు మొదట సిగ్గుపడేవారు. కాసేపటికి ఆపమన్నా ఆగేవారు కాదు. అత్తగారి సాధింపు, ఆడపడుచు కట్నం బాకీ, తాగొచ్చే మొగుడు అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కేవి. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ‘నీకు దేనికి భయమమ్మా?’ అని అడిగిన మొదటి మనిషిని నేనేనని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నేను వెంటనే రెపర్టరీ తిప్పి, ఓదార్పు పొందగానే ఏడుపు అన్న రుబ్రిక్కు వెతికి, దాని కిందనున్న మందు తీసి ఇచ్చాను. వారం తర్వాత వచ్చి, మనసు తేలికపడింది మాస్టారూ అంది. ఆ తేలిక ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనున్న చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. నేను మాత్రం ఎర్రసిరాతో ‘నయం’ అని రాసి కింద రెండు గీతలు గీశాను.

ఇక అసలు తెలివితక్కువతనం దగ్గరికి వస్తాను. నేను చదువులేనివాణ్ణి కాను. పదో తరగతికి అవగాడ్రో సంఖ్య చెప్పేది నేనే. ఒక గ్రామ్ మోల్ పదార్థంలో 6.022 ఇంటూ పది టు ద పవరాఫ్ 23 అణువులుంటాయని నల్లబల్ల మీద రాసి, సున్నాలన్నీ విడదీసి, పిల్లల చేత లెక్క పెట్టించేవాణ్ణి. హోమియోలో 30 అంటే అసలు మందులో ఒక వంతు తీసి 99 వంతుల స్పిరిట్‌లో కలిపి కుదిలించడం, అందులోంచి మళ్ళీ ఒక వంతు తీసి మళ్ళీ 99 వంతులు, అలా ముప్ఫై మెట్లు. పన్నెండో మెట్టు దాటేసరికి అసలు పదార్థం అణువు ఒక్కటైనా మిగలడం అనుమానమే. ముప్ఫైకి వచ్చేసరికి అనుమానం కూడా అక్కర్లేదు. పై గుళిక పంచదార, లోపల ఏమీ లేదు. ఈ లెక్క వేయడానికి పదో తరగతి చాలు.

హానిమన్ గారిని తప్పుపట్టడానికి లేదు. ఆయన సిద్ధాంత గ్రంథం వచ్చింది 1810లో. అవగాడ్రో తన ఊహ ప్రకటించింది ఆ మరుసటి ఏడు. అణువుల పరిమాణాన్ని లోష్మిట్ అంచనా కట్టింది 1865లో, అప్పటికి హానిమన్ పోయి ఇరవై రెండేళ్ళు. పాపం ఆయనకి తెలిసే దారి లేదు. నాకు తెలుసు, తెలియడమే కాదు, అది చెప్పినందుకు సర్కారు నాకు జీతమిచ్చింది. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, ‘మాస్టారూ, మొన్న మా నాయనమ్మకి మీరిచ్చిన మందులో ఎన్ని అణువులుంటాయండీ?’ అన్నాడు. క్లాసు గొల్లుమంది. వాడు వెటకారానికి అడగలేదు, నిజంగా లెక్క చేసుకుని అడిగాడు. ‘ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు, కూర్చో’ అన్నాను. సాయంత్రం యథాప్రకారం పెట్టె తెరిచాను.

పైగా నేను హేతువాదిని కూడానండోయ్! త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పుట్టిన అంగలూరు మాకు దగ్గరే. గోరా గారు 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన ముదునూరు మా జిల్లాలోదే. ఆ గాలి కూడా పీల్చినవాణ్ణే కదా. పిల్లల చేతికి తాయెత్తు కనిపిస్తే ఒంటికాలి మీద లేచేవాణ్ణి. ‘అది విప్పితేనే మందు’ అని ఒక తల్లిని అరుగు మెట్ల మీదే నిలబెట్టాను. పాపం ఆవిడ తాయెత్తు విప్పి కొంగున ముడేసుకుని, నా పొట్లం పుచ్చుకుని వెళ్ళింది. సందు మలుపు తిరగ్గానే మళ్ళీ కట్టేసిందని మా ఆవిడ చెప్పింది. రాగిరేకు మీది గీతల్లో ఏముందని అడిగిన నేను, నా పంచదారలో ఏముందో నన్ను నేను అడగలేదు.

1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చింది. దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. మా ఊళ్ళోనూ చెట్లు కూలాయి, కప్పులు లేచిపోయాయి గానీ అవనిగడ్డకి అవతల జరిగినదాని ముందు అది లెక్కలోది కాదు. మేము కొందరం పంతుళ్ళం, ఊరి కుర్రాళ్ళూ కలిసి బియ్యం, పాతబట్టలు లారీకెత్తుకుని బయల్దేరాం. నేను నా టేకు పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. కలరా వస్తుందని తెలుసు, అందుకని వెరాట్రం, ఆర్సెనికం, కాంఫర్ నింపుకున్నాను. అక్కడ దిగాక కాలు పెడదామంటే బురద, బురదలో ఏముందో చూడకుండా కళ్ళు మళ్ళించుకోవాల్సిన పరిస్థితి. పశువుల కళేబరాలు తుమ్మచెట్ల కొమ్మల్లో వేలాడుతున్నాయి. ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆరోగ్యశాఖ ఉద్యోగి ఒకాయన నా పెట్టె చూసి, ‘ఏం మందులండీ?’ అన్నాడు. చెప్పాను. ‘మీ ఉద్యోగం?’ అన్నాడు. సైన్సు మాస్టారినన్నాను. ‘హమ్మయ్య, అయితే ఇటు రండి’ అని బ్లీచింగ్ పౌడరు బస్తా ఒకటి, తాడూ బకెట్టూ నా ముందు పెట్టాడు.

అక్కడున్నన్నాళ్ళూ బావులు కొలిచాను. బావి అడ్డం రెండు మీటర్లు, నీటి లోతు మూడు మీటర్లు అనుకోండి, తొమ్మిది వేల నాలుగు వందల లీటర్ల పైచిలుకు నీళ్ళు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల చొప్పున మామూలు రోజుల్లో పాతిక గ్రాముల లోపే సరిపోతుంది. ఆ నీళ్ళకి సరిపోదు. ముందు ఉప్పునీళ్ళు తోడిపోయించి, ఊరిన నీటికి మోతాదు పెంచి, పొడిని బకెట్లో ముద్దలా కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం తీసి, బకెట్టుతో బావి అడుగుదాకా దించి పైకీ కిందకీ కదపాలి. గంటసేపు ఎవరినీ తోడనివ్వకూడదు. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళని గంటసేపు ఆపడం చిన్న పని కాదు. మాస్టారి గొంతు అక్కడ పనికొచ్చింది. రాత్రిపూట గుడారంలో అడిగినవాళ్ళకి గుళికలు కూడా పంచాను.

తిరిగొచ్చాక ఏం చెప్పానో చూడండి. ఊళ్ళో సభ పెట్టి మాట్లాడమంటే, ‘నేను మందులిచ్చినవాళ్ళలో ఒక్కరికీ కలరా రాలేదు’ అని ఛాతీ విరుచుకుని చెప్పాను. శాలువా కప్పారు. బ్లీచింగ్ పౌడరు ఊసే ఎత్తలేదు. సున్నం వాసన కొట్టే పనిలో చెప్పుకోవడానికేముందని అనుకున్నాను కాబోలు. చేతులు పగిలి నెలరోజులు అన్నం కలుపుకోలేకపోయాను, మా ఆవిడే కలిపి ముద్దలు పెట్టింది. ఆ ముద్దలు తింటూ కూడా వెరాట్రం మహిమే చెప్పాను.

సంసారం సంగతి పెద్దగా చెప్పడానికి లేదు, ఎందుకంటే అది నేను నడపలేదు. జీతం తెచ్చి ఇచ్చేవాణ్ణి. డ్రాము సీసాలకీ, గుళికలకీ, బెజవాడ నుంచి తెప్పించే మందులకీ ముందే తీసేసుకుని మిగిలింది ఇచ్చేవాణ్ణి. పిల్లల ఫీజులు, చుట్టాల పెళ్ళిళ్ళు, మా అమ్మ మంచాన పడ్డ రోజులు, పాలవాడి బాకీ ఇవన్నీ పెరటివైపు వ్యవహారాలు. అబ్బాయికి మలేరియా వచ్చినప్పుడు నేను చైనా అనే హోమియో మందు ఇస్తుంటే, ఆవిడ వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచింది. ఆ కోపం నాకు చాలాకాలం ఉండేది. నా మందుకి పని చేసే వ్యవధి ఇవ్వలేదని కోపం!

రిటైరయ్యాక ఆవిడ మెల్లమెల్లగా నెమ్మదించింది. పనుల మీద విసుగు, ఎండాకాలంలోనూ దుప్పటి, గొంతు బొంగురు. ఊరివాళ్ళకి గంటలకొద్దీ కేసు రాసేవాణ్ణి గదా, ఇంటిమనిషిని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నేళ్ళు కాపురం చేశాం, నాకు తెలియనిదేముంది అనుకుని, ఆవిడ పప్పు రుబ్బుతుంటే ఇటు నేనే రాసేసుకున్నాను. సెపియా 200 ఇచ్చాను. తగ్గలేదు. 1000 ఇచ్చాను. కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి సిరా నుంచి తీసే మందు అది, ఇంటి చాకిరీతో అలిసిపోయిన ఆడవాళ్ళకి పెట్టింది పేరు. అలిసిపోయిందని నా పుస్తకానికి తెలుసు, నాకు తెలియలేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన మా అమ్మాయి గుమ్మంలోనే వాళ్ళమ్మ ముఖం చూసి, ఇదేమిటి ఇంత ఉబ్బరంగా ఉంది అని మర్నాడే బెజవాడ తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని. డాక్టరమ్మ మా అమ్మాయికన్నా చిన్నది. రక్తపరీక్ష కాగితం చూసి, థైరాయిడ్ బాగా మందగించిందండీ, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది అని అడిగింది. నేను ఉత్సాహంగా పుస్తకం తెరిచి ఆవిడ పేజీ చూపించాను. డాక్టరమ్మ వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. చలి ఎక్కువ. జుట్టు రాలుట. మలబద్ధకం. చర్మం పొడి. గొంతు బొంగురు. బరువు పెరుగుట. మతిమరుపు. ‘చాలా బాగా రాశారండీ, మా పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది’ అంది. పేజీ పైన తారీఖు ఉంది. దాన్ని రెండోసారి చూసి, పుస్తకం మూసి నాకిచ్చేసింది. ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

బస్సులో మా ఆవిడ ఆ పుస్తకం అడిగి తీసుకుంది. తన పేజీ చదువుకుంది. జాబితా చివర నేను ఇంకో లక్షణం కూడా రాసుకున్నాను, సెపియాకి అది కీలకం కాబట్టి: ‘భర్త యెడల విముఖత.’

‘ఇది నేను మీకెప్పుడు చెప్పాను?’ అంది.

పామర్రు వచ్చేదాకా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను.

రోజూ లేవగానే పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి, గంటదాకా కాఫీ ముట్టుకోకూడదు, తాగితే మందు ఒంటికి పట్టదు అని డాక్టరమ్మ చెప్పింది. మర్నాడు పొద్దున్నే మాత్ర మింగి, గడియారం ముందు కూర్చుని మా ఆవిడ పడీపడీ నవ్వింది. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పింది పెరటిగుమ్మం సంగతి. నా దగ్గర పొట్లం పుచ్చుకున్న ఆడవాళ్ళంతా చేతులు కడుక్కుంటామన్న వంకన సందులోంచి బావి దగ్గరికి వెళ్ళేవారట. అక్కడ ప్రతి ఒక్కరికీ ఈవిడ ఫిల్టరు కాఫీ ఇచ్చేదట. చిక్కటి గేదెపాలతో, మీగడ తీయకుండా. ‘ఎండన పడి వస్తారు పాపం, మందు విరిగిపోతుందని మనిషిని విరగ్గొట్టుకుంటామా?’ అంది. అంటే ఈ ఊళ్ళో నేను ఎర్రసిరాతో రాసుకున్న ప్రతి ‘నయం’ వెనకా ఒక గ్లాసు కాఫీ ఉంది. కాఫీకి మందు విరిగిపోయేదే అయితే అవన్నీ విరిగిపోవాల్సింది.

కాఫీతో ఆగలేదట. రిక్షా తొక్కే ఒకతను పొడిదగ్గని వస్తే నేను బ్రయోనియా ఇచ్చి పంపుతూ వచ్చాను. దగ్గినప్పుడు ఛాతీ పట్టుకునేవాడు, అచ్చం బ్రయోనియా లక్షణం, నాకు మహా సంతోషంగా ఉండేది. వాళ్ళావిడ బావి దగ్గర, రాత్రిళ్ళు జ్వరం కాస్తోందమ్మగారూ, మనిషి చిక్కిపోతున్నాడు అంటే, ‘మాస్టారి మందు వాడుకోండి గానీ, రేపు పెద్దాసుపత్రికెళ్ళి గళ్ళ పరీక్ష కూడా చేయించుకోండి, అక్కడ డబ్బులడగరు’ అని ఈవిడ చెప్పిందట. క్షయ. ఆసుపత్రి మాత్రలు మొత్తం కోర్సు వాడి బాగుపడ్డాడు. తర్వాత వచ్చి నాకు జామపళ్ళ బుట్ట ఇచ్చి దణ్ణం పెట్టాడు. ఆ జామపళ్ళు నేను తిన్నాను. ఆవిడ లేకపోతే ఏమయ్యేదన్న ఆలోచన ఇప్పుడు రాత్రిళ్ళు వస్తుంది, వస్తే లేచి కూర్చుంటాను. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. ‘చెబితే వినే మనిషైతే చెప్పేదాన్ని’ అంది.

అరుగు మీద పెట్టె తీసేశాను. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఈ మందులన్నిటి మీదా జరిగిన పరిశోధనలు జల్లెడ పట్టి, ఏ ఒక్క జబ్బుకీ పనిచేస్తాయన్న నమ్మదగ్గ రుజువు లేదని 2015లో తేల్చిందని మా అబ్బాయి చదివి వినిపించాడు. నాకు ఆస్ట్రేలియా దాకా అక్కర్లేదు, వెనక బెంచీ కుర్రాడు చాలు. అయినా జనం రావడం మానలేదు. మందు లేదంటే నొచ్చుకుంటున్నారు. ఒక ముసలాయన, ‘పోనీ ఆ ప్రశ్నలైనా అడగండి మాస్టారూ’ అన్నాడు. అడుగుతున్నాను. విన్నాక ఏ ఆసుపత్రికి, ఏ వారం, ఏ గదికి వెళ్ళాలో కాగితం మీద రాసిస్తున్నాను. కాఫీ ఇప్పుడు అరుగు మీదకే వస్తోంది, పట్టుకొచ్చేది నేను.

మొన్న అటక మీది నోటుపుస్తకాలు పాతకాగితాలవాడికి వేద్దామని దించితే ఆవిడ ఆపింది. కళ్ళజోడు పెట్టుకుని, నా ఎర్రపెన్నే అడిగి తీసుకుని, మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టింది.

‘కరణంగారి కోడలు, కడుపునొప్పి, కోలోసింత్, నయం. ఏం నయం? ఆ రాత్రే బండి కట్టించుకుని తీసుకెళ్ళి అపెండిక్స్ ఆపరేషన్ చేయించారు. మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పొద్దన్నారు.’ కొట్టేసింది. ‘పసివాడికి పళ్ళొచ్చే ముందు ఏడుపు, కామోమిల్లా, నయం. పళ్ళొచ్చాయి, ఏడుపాగింది.’ కొట్టేసింది. పులిపిర్ల దగ్గర నేను ఒప్పుకోలేదు. తూజా 200 వేశాక నెలలో రాలిపోయాయి, నేను కళ్ళారా చూశానన్నాను. ‘వాళ్ళ మేనత్త గుర్రపు వెంట్రుక కట్టింది. ఆవిడా కళ్ళారా చూసింది’ అంది. ఆ గొడవ తేలక దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

రెండో పుస్తకం సగంలో ఒక చోట ఆగింది. నిద్రపట్టని పోస్టుమాస్టరు గారి కేసు. కాఫియా 200. అది కాఫీగింజ నుంచి తీసిన మందేనని చెబితే ఇంకాసేపు నవ్వింది. ఆ తర్వాత ‘ఇది మాత్రం మీ చలవేనండీ’ అంది, పెన్ను పక్కన పెట్టి. నాకు ప్రాణం లేచొచ్చింది.

‘మందు వేసుకోకముందే తగ్గింది. కుడివైపు పడుకుంటారా, ఎడమవైపు పడుకుంటారా అని మీరు అడుగుతూనే ఉన్నారు, ఆయన ఈ అరుగు మీదే గురక పెట్టేశాడు. లేపొద్దని నేనే దుప్పటి కప్పాను. ఆ తర్వాత నిద్రపట్టనప్పుడల్లా వచ్చి మీ ఎదురుగా కూర్చునేవాడు.’